చెరువు నిండుగానే ఉంది, తూము పూడిపోయింది: ఒక ఫ్రాజైల్ ఎక్స్ కుటుంబం కేస్ స్టడీ

ఆ పిల్లవాడి ఫైలు ప్రతిసారీ వాళ్ళ తాత చేతిలోనే ఉండేది. ప్లాస్టిక్ కవరులో ఎమ్మారై ఫిల్ములు, రక్తపరీక్షల కాగితాలు, పాత చీటీలు. ఆయన దాన్ని నా టేబుల్ మీద పెట్టేలోపు ఆ కవరు గలగలమని చప్పుడు చేసేది. ఆ చప్పుడు 4 సార్లు విన్నాను. ఐదోసారికి గానీ నా చెవికెక్కలేదు.

నేను తిరుపతిలో పిల్లల డాక్టరుని. వారంలో ఒక రోజు ఎదుగుదల వెనకబడిన పిల్లల్ని, వంశపారంపర్యంగా జబ్బులు వస్తున్న కుటుంబాల్ని చూస్తాను. ఫ్రాజైల్ ఎక్స్ అంటే ఎక్స్ క్రోమోజోమ్ మీది ఒక జన్యువు మూగబోవడం వల్ల పిల్లల ఎదుగుదల వెనకబడే, వంశంలో దిగే జబ్బు. ఈ కుటుంబంలో ఆ ఒక్క జన్యువే ముగ్గురు మగవాళ్ళలో మూడు రకాలుగా నడిచింది. ఒకరిలో అతిగా, ఒకరిలో కొద్దిగా, ఒకరిలో అసలు లేకుండా. ప్రోటీన్‌ని తయారుచేసే రాత మాత్రం ముగ్గురిలోనూ చెక్కుచెదరలేదు. ఆ సంగతి తేల్చడానికి నాకు 14 నెలలు పట్టింది. సరైన వరసలో వెళ్ళి ఉంటే రెండు మూడు నెలల్లో తేలిపోయేది. కుటుంబం అనుమతితో రాస్తున్నాను. వయసులు, ఊరి గుర్తులు, ఇంకొన్ని వివరాలు మార్చాను.

మొదటిసారి వచ్చినప్పుడు

చిత్తూరు జిల్లాలో తమిళనాడు సరిహద్దుకు దగ్గరి పల్లె వాళ్ళది. మామిడి తోట, రెండు ఆవులు. ఇంట్లో తెలుగూ తమిళమూ రెండూ నడుస్తాయి. పిల్లల తండ్రి సొంత అక్క కూతుర్నే పెళ్ళి చేసుకున్నాడు. ఇద్దరు మగపిల్లలు. పెద్దవాడికి 8 ఏళ్ళు, చిన్నవాడికి 4.

పెద్దవాడు నెలలు నిండాకే పుట్టాడు, పుట్టగానే ఏడ్చాడు. కూర్చోవడం ఆలస్యం, నడక 20 నెలలకు, మొదటి మాట మూడేళ్ళు దాటాక. నా దగ్గరికి వచ్చేసరికి "నీళ్ళు తా", "బండి పోదాం" లాంటి రెండు మాటల దగ్గర ఆగిపోయి ఉన్నాడు. చేతులు రెక్కల్లా ఆడిస్తాడు. కోపం వచ్చినా సంతోషం వచ్చినా కుడిచేతి వెనకవైపు కొరుక్కుంటాడు, అక్కడ చర్మం కాయ కట్టి ఉంది. మేళం వినబడితే చెవులు మూసుకుని మంచం కిందికి దూరతాడు. ఒకసారి గంగమ్మ జాతరకు తీసుకొస్తే పంబల మోతకు వాంతి చేసుకున్నాడట. ఆ తర్వాత ఊళ్ళో ఏ తిరునాళ్ళకూ వాణ్ని తీసుకెళ్ళలేదు.

నేను పలకరించి చెయ్యి చాపితే చెయ్యి ఇచ్చాడు. ముఖం మాత్రం, ఆ మాటకొస్తే ఒళ్ళంతా, గోడవైపు తిప్పుకున్నాడు. ఈ పలకరింపు చాలా విలువైన గుర్తు. మనిషి కావాలి, చూపు మాత్రం భరించలేడు. నేను ఆ రోజు కేసు షీట్‌లో "కళ్ళు కలపడు, ఆటిజం" అని మాత్రమే రాసుకున్నాను. కొంచెం పొడవు ముఖం, పెద్ద చెవులు, వెనక్కి సులువుగా వంగే వేళ్ళు కూడా చూశాను. కానీ తండ్రి చెవులూ పెద్దవే. అందుకని పక్కన పెట్టేశాను.

వినికిడి పరీక్ష, థైరాయిడ్, మెదడు ఎమ్మారై అన్నీ ముందే అయ్యాయి, అన్నీ బాగున్నాయి. చిన్నవాడి గురించి అడిగితే తల్లి, "వాడికేం లేదు సార్, బాగా మాట్లాడతాడు, అల్లరెక్కువ, అంతే" అంది. నేను వాణ్ని పరీక్ష మంచం ఎక్కించలేదు.

మేనరికం గీత మీదే నా కళ్ళు

వంశవృక్షం గీసేటప్పుడు రక్తసంబంధపు పెళ్ళికి జంట గీత గీస్తాం. మేనమామ, మేనకోడలు పెళ్ళి అంటే పిల్లల జన్యువుల్లో సగటున 8లో 1 వంతు, రెండు కాపీలూ ఒకే పూర్వీకుల నుంచి వచ్చినవై ఉంటాయి. మరుగున ఉన్న లోపం రెండువైపుల నుంచీ వచ్చి కలవడానికి ఇది అనువైన చోటు. మా ఓపీలో ఇలాంటి జబ్బులు తరచూ చూస్తాం కాబట్టి నా మనసు నేరుగా అక్కడికే వెళ్ళింది. క్రోమోజోమ్‌ల పరీక్ష చేయించాను, మామూలుగానే వచ్చింది. తర్వాత ఎక్సోమ్ పంపాను, అంటే ప్రోటీన్‌ని రాసే భాగాలన్నీ చదివే పరీక్ష. వాళ్ళ స్తోమతకు అది పెద్ద ఖర్చు. ఒక ఆవును అమ్మారని తర్వాత తెలిసింది.

రిపోర్టులో మెదడు ఎదుగుదలకు సంబంధం ఉన్న ఒక జన్యువులో, రెండు కాపీల్లోనూ ఒకే అక్షరం మార్పు కనిపించింది. పక్కన "ప్రాముఖ్యం తేలనిది" అని రాసి ఉంది. దొరికిందన్న ఆశ ఎంత బలమైందంటే, ఆ మాట నా కంటికి సగమే కనబడింది. తల్లిదండ్రులను పరీక్షిస్తే ఇద్దరిలోనూ ఒక్కో కాపీ ఉంది. మేనరికంలో అది ఉండే తీరుతుంది, కాబట్టి దాంతో తేలేదేమీ లేదు. చిన్నవాణ్ని పరీక్షిస్తే వాడిలోనూ రెండు కాపీలూ మారే ఉన్నాయి. చిన్నవాడు బాగున్నాడు కదా, కాబట్టి కారణం ఇది కాదు అని ఆ దారి మూసేశాను.

నిర్ణయం సరైనదే, దానికి నేను చూపుకున్న కారణం మాత్రం తప్పు. చిన్నవాడు బాగున్నాడని నాకు చెప్పింది వాళ్ళ అమ్మ. నేను చూడలేదు. నిజానికి అన్నదమ్ములిద్దరిలోనూ జబ్బు ఉంది. ఆ అక్షరం మార్పు అమాయకమైనది కావడం నా అదృష్టం.

ఈ తిరుగుడులో 5 నెలలు పోయాయి. ఆ తర్వాత క్రోమోజోమ్ ముక్కల్లో చిన్న చిన్న లోట్లు పట్టుకునే మైక్రోఅర్రే చేయించాను. అదీ మామూలే.

ఈలోగా చేసిన వైద్యం కూడా సరిగా సాగలేదు. వారానికోసారి రెండు గంటలు బస్సులో వచ్చి, పది మంది పిల్లలు ఒకేసారి అరిచే హాల్లో స్పీచ్ థెరపీ. ఆటిజం అనుకున్నాం కాబట్టి "నా కళ్ళలోకి చూడు" అనే సాధన మీదే ఎక్కువ సమయం పోయింది. చూడమన్న కొద్దీ వాడు చెయ్యి కొరుక్కోవడం ఎక్కువైంది. మూడో నెలలో తల్లి నాకు ఆ చెయ్యి చూపించింది. కాయ పగిలి రక్తం చిమ్మి ఉంది. ఆ సాధన ఆపించాను, కానీ దాని బదులు ఏం చెయ్యాలో అప్పటికి నాకు తెలియదు.

వేలిముద్ర

ఐదోసారి తల్లి రాలేదు. తాత, ఆయన పెద్దకూతురు, అంటే పిల్లవాడి పెద్దమ్మ, కలిసి వచ్చారు. అనుమతి పత్రం మీద సంతకం పెట్టమంటే తాత ఇంకు ప్యాడ్ అడిగాడు. అంతకుముందు ఆయనే వంకరగానైనా సంతకం పెట్టేవాడు.

"చెయ్యి నిలవడం లేదు సార్, గీత పోయి ఇంకోచోట పడతా ఉండాది. వేలిముద్ర ఏస్తా."

అప్పుడు వినబడింది నాకు ఆ కవరు గలగల. కుర్చీలోంచి లేపి నడిపించాను. కాళ్ళు ఎడంగా వేసి నడుస్తున్నాడు. పొలం గట్టు మీద నడిచినట్టు అడుగు ముందర అడుగు పెట్టమంటే రెండో అడుగుకే పక్కకు ఒరిగాడు. వయసు 66. రెండేళ్ళుగా పార్కిన్సన్స్ మాత్రలు వాడుతున్నాడు, వాటితో రవ్వంత గుణం లేదు. గ్లాసు నోటిదాకా తెచ్చుకునేటప్పుడే వణుకు పెరుగుతోంది, ఒళ్ళో పెట్టుకున్న చెయ్యి నిలకడగానే ఉంది. పార్కిన్సన్స్ వణుకు సాధారణంగా దీనికి తిరగబడి ఉంటుంది.

పెద్దమ్మను పిల్లలెంతమంది అని అడిగాను. లేరంది. వయసు 41. కాసేపు ఆగి, 33 ఏళ్ళకే నెలసరి ఆగిపోయిందని, ఎవరూ ఎందుకో చెప్పలేదని అంది. ఆ మాట చెప్పేటప్పుడు తండ్రివైపు చూడలేదు.

వణుకు ఉన్న తాత, ముందే ముట్లుడిగిన ఒక కూతురు, ఎదుగుదల ఆగిన మనవడు. ముగ్గురినీ కలిపే గీత ఎక్స్ క్రోమోజోమ్. మేనరికపు జంట గీత తుడిచేసి తల్లివైపు వృక్షం ఒక్కటే మళ్ళీ గీశాను. తండ్రికి ఉండేది ఒకటే ఎక్స్, అది కూతుళ్ళందరికీ వెళ్తుంది. కూతురికి రెండు ఎక్స్‌లు, వాటిలో ఏదో ఒకటి కొడుక్కి వెళ్తుంది. తాత నుంచి మనవడికి దారి ఉంది. ఆ దారిలో పిల్లల తండ్రికి పాత్రే లేదు.

ఫ్రాజైల్ ఎక్స్ చరిత్ర కూడా ఇలాంటి చిక్కుముడితోనే మొదలైంది. 1943లో మార్టిన్, బెల్ అనే ఇద్దరు బ్రిటన్ వైద్యులు ఒక పెద్ద కుటుంబంలో మగపిల్లలకే వస్తున్న బుద్ధిమాంద్యాన్ని వివరించారు. 1969లో లబ్స్ ఎక్స్ క్రోమోజోమ్ చివర్లో తెగిపడబోతున్నట్టు కనిపించే సన్నని చోటును చూశాడు. 1977లో ఆస్ట్రేలియాలో సదర్లాండ్, ఫోలిక్ యాసిడ్ తక్కువున్న ద్రావణంలో కణాలను పెంచితేనే ఆ చోటు కనబడుతుందని కనిపెట్టాడు. ఏ లోపమూ లేని తాతల మనవళ్ళకు జబ్బెలా వస్తోందన్నది చాలాకాలం అంతుపట్టలేదు. 1991లో ఎఫ్ఎమ్ఆర్1 జన్యువు దొరికాక ముడి విడింది.

పరీక్షలు ఏం చెప్పాయి

ఎఫ్ఎమ్ఆర్1 జన్యువు మొదట్లో, ప్రోటీన్ రాత ఇంకా మొదలుకాని భాగంలో, సీజీజీ అనే మూడక్షరాలు జపంలా మళ్ళీ మళ్ళీ వస్తాయి. మామూలు మనిషికి 44 దాకా ఉంటాయి. 45 నుంచి 54 మధ్యస్థం. 55 నుంచి 200 దాకా ఉంటే ప్రీమ్యుటేషన్, 200 దాటితే ఫుల్ మ్యుటేషన్. ప్రీమ్యుటేషన్ తల్లి నుంచి బిడ్డకు వెళ్ళేటప్పుడు ఒక్కసారిగా సాగి 200 దాటవచ్చు. తండ్రి నుంచి కూతురికి వెళ్ళేటప్పుడు అలా సాగదు. అందుకే తాత కూతుళ్ళు చిన్నతనంలో బాగానే ఉన్నారు, మనవడి దగ్గర బయటపడింది.

ఈ వరసలను లెక్కపెట్టడానికి ట్రిప్లెట్ ప్రైమ్డ్ పీసీఆర్ చేయించాను. తాతకు 86, పెద్దమ్మకు 90, తల్లికి 97. పెద్ద మనవడికి 200కు బాగా పైన. ఈసారి చిన్నవాడి రక్తం కూడా పంపాను. వాడికీ 200కు పైనే.

ఎక్సోమ్ దీన్ని ఎందుకు చూపలేదని తండ్రి అడిగాడు. అడగాల్సిన ప్రశ్న. ఎక్సోమ్ 100, 150 అక్షరాల చిన్న ముక్కలుగా చదివి అతుకుతుంది. అంతా సీజీజీయే అయిన 600 అక్షరాల వరసలో ఏ ముక్క ఎక్కడిదో అతకడం దానికి చేతకాదు. అసలు ఆ భాగాన్ని అది సరిగా పట్టుకోదు కూడా. రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. ఈ జబ్బులో జన్యువును మూసేసేది సీజీజీల సంఖ్య ఒక్కటే కాదు. వాటి మీద పడే మిథైల్ గుర్తులు. డీఎన్ఏ రాతలో సీ అంటే సైటోసిన్, జీ అంటే గ్వానిన్. సైటోసిన్ పక్కన గ్వానిన్ ఉన్న చోట, సైటోసిన్‌కు ఒక కర్బనం, మూడు హైడ్రోజన్‌ల చిన్న గుంపు వచ్చి అంటుకుంటుంది. అక్షరం మారదు. సైటోసిన్ సైటోసిన్‌గానే ఉంటుంది, మామూలు సీక్వెన్సింగ్ దాన్ని సైటోసిన్ అనే చదువుతుంది. జన్యువు తలుపు దగ్గర ఇలాంటి గుర్తులు దట్టంగా పడితే, వాటిని గుర్తుపట్టే ప్రోటీన్లు వచ్చి డీఎన్ఏను బిగుతుగా చుట్టేస్తాయి. నకలు తీసే యంత్రాంగానికి లోపలికి దారి ఉండదు. ఎమ్మార్ఎన్ఏ అనే ఆ నకలు రాదు, ప్రోటీన్ రాదు. ఎఫ్ఎమ్ఆర్‌పీ అనే ఆ ప్రోటీన్ మెదడు కణాల కూడళ్ళలో ఏ ప్రోటీన్ ఎప్పుడు ఎంత తయారవ్వాలో అదుపులో పెడుతుంది. అది లేకపోతే ఆ కూడళ్ళలో అదుపు పోతుంది. మేళం మోత, ఎదుటి మనిషి చూపు ఆ పిల్లవాడికి ఎందుకంత బరువయ్యాయో ఇప్పుడు ఆలోచించండి.

సంఖ్య తెలిసింది, అన్నదమ్ములిద్దరికీ ఒకటే. మరి ఒకడు రెండు మాటల దగ్గర ఆగిపోయి, ఇంకొకడు కథలు ఎలా చెబుతున్నాడు? దానికోసం సదరన్ బ్లాట్ అడిగాను, అంటే డీఎన్ఏను కోసి ఆ ముక్కల పొడవును ఫిల్ము మీద చూసే పరీక్ష. పాత పద్ధతి, చాలా రక్తం కావాలి, వారాలు పడుతుంది. అయినా ఈ ప్రశ్నకు జవాబిచ్చేది అదే. రెండు ఎంజైములు వాడతారు. ఒకటి జన్యువుకు అటూ ఇటూ ఎలాగైనా కోస్తుంది. రెండోది, ఈఏజీ-1, మిథైల్ లేకపోతేనే కోస్తుంది. మిథైల్ ఉంటే వదిలేస్తుంది. మామూలు మగవాడిలో 2.8 కిలోబేస్‌ల ముక్క ఒక్కటే కనబడుతుంది, కిలోబేస్ అంటే వెయ్యి అక్షరాలు. ఆడవాళ్ళలో దాంతోపాటు 5.2 ముక్క కూడా ఉంటుంది, అది మూతపడిన రెండో ఎక్స్ నుంచి వచ్చేది.

ఫిల్ము మీద పెద్దవాడి వరసలో 5.7కు పైన మసిపూసినట్టు ఒక మరక, కింద ఏమీ లేదు. అన్ని కణాల్లోనూ జన్యువు మూసే ఉంది. చిన్నవాడి వరసలో పైన అదే మరక, దానికి కింద మూడున్నర నుంచి మొదలై ఇంకో పలచని మరక. అంటే కొన్ని కణాల్లో సీజీజీలు 200 దాటినా మిథైల్ పడలేదు. ఆ కణాల్లో తలుపు తెరిచే ఉంది. మిథైలేషన్ మొజాయిక్ అంటాం దీన్ని.

కుటుంబం ఒప్పుకున్నాక ఒక పరిశోధనశాలలో ఎమ్మార్ఎన్ఏ కొలిపించాను. మామూలు వాళ్ళతో పోలిస్తే తాతలో సుమారు 3 రెట్లు ఎక్కువ. పెద్దవాడిలో కొలతకు అందనంత తక్కువ. చిన్నవాడిలో ఉంది, మామూలు కంటే తక్కువగా ఉంది.

ఈ మూడు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని ఆ రాత్రి చాలాసేపు కూర్చున్నాను. జన్యువులో మార్పు ఉంటే జబ్బు, లేకపోతే లేదు అనే లెక్క ఇక్కడ పనికిరాదు. తాతలో వరస పొడవు పెరిగింది కానీ మిథైల్ పడలేదు. తలుపు తెరిచే ఉంది, పైగా నకళ్ళు అతిగా వస్తున్నాయి. ఆ ఎక్కువైన ఎమ్మార్ఎన్ఏ నరాల కణాలకు విషంలా పనిచేసి యాభై దాటాక వణుకు, తూలు తెస్తుంది. దీన్ని ఎఫ్ఎక్స్‌టాస్ అంటారు, 2001లో గుర్తించారు. ప్రీమ్యుటేషన్ ఉన్న ఆడవాళ్ళలో సుమారు 5గురిలో ఒకరికి అండాశయాలు 40కి ముందే అలిసిపోతాయి. పెద్దమ్మకు జరిగింది అదే. పెద్ద మనవడిలో వరస ఇంకా సాగింది, మిథైల్ పడింది, జన్యువు మూగబోయింది. మిథైల్ నిజంగా కారణమా, లేక మూగబోయిన జన్యువు మీద తర్వాత పడిన దుమ్మా అని ఎవరికైనా అనుమానం వస్తే చిన్నవాణ్ని చూడాలి. వాడి కణాలన్నిటిలోనూ వరస పొడవే. మిథైల్ పడని చోట మాత్రం జన్యువు పలుకుతోంది.

ఒక జాగ్రత్త. మేము చూసింది రక్తం. మెదడులో ఎన్ని కణాల్లో తలుపు తెరిచి ఉందో రక్తం కచ్చితంగా చెప్పదు. ఫిల్ము మీది మరకను చూసి చిన్నవాడి భవిష్యత్తుకు శాతం కట్టకూడదని గట్టిగా అనుకున్నాను. తల్లి అడిగినప్పుడూ అదే చెప్పాను.

నీరుగంటి

ఎవరికి ముందు చెప్పాలన్నది అన్నిటికంటే కష్టమైన నిర్ణయం. ఇన్నాళ్ళూ ఊళ్ళో అందరూ మేనరికం వల్లే అన్నారు. ఆ నింద భార్యాభర్తలిద్దరూ పంచుకున్నారు. ఇప్పుడు "తల్లి నుంచి వచ్చింది" అనే ఒక్క మాట బయటికి వెళితే మొత్తం ఆ అమ్మాయి నెత్తిన పడుతుంది. రిపోర్టు ఆమెది కాబట్టి ముందు ఆమె ఒక్కదానికే చెప్పాను, ఎవరికి చెప్పాలో ఆమే నిర్ణయించుకోవాలని చెప్పాను. వారం తర్వాత భర్తను వెంటబెట్టుకుని వచ్చింది. అతను అంతా విని, "మా బావ చేతులు వణికేది కూడా ఇదేనా సార్?" అన్నాడు. అంతే. ఆ ఇంట్లో నింద అక్కడితో ఆగింది. తాతకు తనే చెబుతానన్నాడు, తర్వాత అందరూ కలిసి వచ్చారు.

తాత వయసులో ఉన్నప్పుడు ఊరి చెరువుకు నీరుగంటి. తూము ఎప్పుడు ఎత్తాలి, ఎవరి మడికి ఎన్ని గంటలు నీళ్ళు అన్నీ ఆయన చేతిలో ఉండేవి. నేను బోర్డు మీద క్రోమోజోమ్ గీయడం ఆపేసి చెరువు గీశాను. చెరువు నిండా నీళ్ళున్నాయి, అదే జన్యువు. తూము దగ్గర కొన్ని రాళ్ళు పేర్చి ఉంటాయి. మీకు ఆ రాళ్ళు ఎక్కువయ్యాయి, తూము తలుపు సరిగా కూర్చోదు, నీళ్ళు అవసరానికి మించి పారతాయి, నారు కుళ్ళిపోతుంది. మీ పెద్ద మనవడికి రాళ్ళు ఇంకా పెరిగాయి, వాటి సందుల్లో ఒండ్రు చేరి తూము పూర్తిగా పూడిపోయింది. చెరువు నిండుగానే ఉంది, మడికి చుక్క రాదు.

ఆయన చాలాసేపు బొమ్మనే చూశాడు.

"అయితే చిన్నోడి తూములో పూడిక నిండా పడలేదన్నమాట సార్. ఊట కారతా ఉండాది."

మొజాయిక్ మిథైలేషన్‌కు అంతకంటే మంచి మాట నాకు ఇప్పటికీ దొరకలేదు.

వెంటనే తండ్రి, పూడిక తీసే మందు లేదా అని అడిగాడు. ప్రయోగశాలలో ఉంది. 1998లో పెట్రి గిన్నెలోని కణాలకు అజాసైటిడిన్ కుటుంబపు మందు వేస్తే మిథైల్ తగ్గి జన్యువు కొంత పలికింది. కానీ ఆ మందు ఒళ్ళంతా ఉన్న తూములన్నిటినీ కదిలిస్తుంది, మూసి ఉండాల్సినవి కూడా. 2018లో, డీఎన్ఏను కోరిన చోట కోసే క్రిస్పర్ పద్ధతిని మార్చి, డీఎన్ఏను కోయకుండా ఆ ఒక్క చోట మిథైల్‌ను మాత్రం తీసే ఎంజైమును పంపి, రోగుల కణాల నుంచి పెంచిన నరాల కణాల్లో జన్యువును మళ్ళీ తెరిచారు. పిల్లలకు ఇచ్చేంత దూరం అది ఇంకా రాలేదు. ఇవన్నీ దాచకుండా చెప్పాను. ఎవరో రాసిచ్చిన ఫోలిక్ యాసిడ్ సిరప్ ఏడాదిగా వాడుతున్నారని అప్పుడు బయటపడింది. పాత క్రోమోజోమ్ పరీక్షలో ఫోలిక్ యాసిడ్ తక్కువైతే ఆ సన్నని చోటు కనబడుతుందనేది నిజం. అంతమాత్రాన ఫోలిక్ యాసిడ్ ఇస్తే జన్యువు తెరుచుకోదు. ఆపించాను.

మూడో కూతురు

వంశవృక్షం మళ్ళీ గీసినప్పుడే తాతకు మూడో కూతురు ఉందని, కొత్తగా పెళ్ళయిందని రాసుకున్నాను. రిపోర్టులు వచ్చేసరికి ఆమె 10 వారాల గర్భిణి. ముందు ఆమెకు పరీక్ష చేసి, ఫలితం వచ్చాక కడుపులో బిడ్డ సంగతి చూద్దామంటే సమయం మించిపోతుంది. తాత ఎక్స్ కూతుళ్ళందరికీ వెళ్ళి తీరుతుంది కాబట్టి ఆమె వాహకురాలనేది పరీక్ష లేకుండానే ఖాయం. అందుకే రెండూ ఒకేసారి చేయించాం. వివరాలు చెప్పి, ఆలోచించుకోమని రెండు రోజుల సమయం ఇచ్చి, ఆమె సరేనన్నాకే మాయ నుంచి 12వ వారంలో చిన్న ముక్క తీశారు.

ఇక్కడ తెలియకపోతే పెద్ద పొరపాటు జరిగే చోటు ఒకటుంది. ఆ వయసు మాయలో ఈ జన్యువు మీద మిథైల్ ఇంకా పూర్తిగా పడి ఉండకపోవచ్చు. మిథైల్ లేదు కాబట్టి బిడ్డ బాగుందని మాయ ముక్కను చూసి అనుకోకూడదు. సీజీజీల సంఖ్యనే నమ్మాలి. తల్లి కణాలు ఆ ముక్కలో కలవలేదని కూడా రూఢి చేసుకోవాలి. బిడ్డకు తల్లి రెండో ఎక్స్ వచ్చింది, సంఖ్య మామూలు హద్దులోనే ఉంది. ఆడా మగా అన్నది మేం చెప్పలేదు, వాళ్ళు అడగలేదు.

ఏది పనిచేసింది

పేరు తెలిశాక వైద్యం మారింది. ఎదురుగా కూర్చోవడం మానేసి పక్కన కూర్చుని పని చేయించడం మొదలుపెట్టాం. కళ్ళు కలపమని ఎవరూ అడగరు. రోజంతా జరిగే పనులు బొమ్మలుగా గీసి గోడకు అంటించాం: పళ్ళు తోముకోవడం, సంగటి తినడం, ఆవు దగ్గరికి వెళ్ళడం, ప్రత్యేక అవసరాలున్న పిల్లల భవిత కేంద్రం. ఒక్కో పని అయ్యాక వాడే ఆ బొమ్మ పీకి డబ్బాలో వేస్తాడు. మోత ఉన్న చోట్లకు చెవులు కప్పే హెడ్‌ఫోన్లు. ఇంట్లో రెండు భాషలు ఉండటం వల్లే మాట రాలేదని ఎవరో అంటే తల్లి తమిళం మానేసింది. మళ్ళీ మొదలుపెట్టమన్నాను, అవ్వతో వాడికున్న బంధమంతా ఆ భాషలోనే ఉంది. నిద్రకు మెలటోనిన్, నిలకడకు తక్కువ మోతాదులో మిథైల్‌ఫెనిడేట్. చీటీ మీద "మిథైల్" అని చూసి తండ్రి భయపడి ఫోన్ చేశాడు, మళ్ళీ పూడిక పెరుగుతుందేమోనని. పేరులో కలిసింది తప్ప రెండింటికీ సంబంధం లేదని చెప్పాను. ఇప్పుడు మందు రాసేటప్పుడే ఆ మాట ముందుగా చెబుతున్నాను. గుండె కవాటాన్ని ఒకసారి చూపించాం. మూర్ఛ వస్తే ఏం చెయ్యాలో ఇంట్లో అందరికీ నేర్పాం.

ఆరు నెలలకు చేతి మీది కాయ మెత్తబడింది. మాటలు నాలుగైదు కలిపి వస్తున్నాయి. అద్భుతమేమీ కాదు, కానీ ఆ ఇంట్లో ఇప్పుడు రాత్రిళ్ళు అందరూ నిద్రపోతున్నారు.

చిన్నవాణ్ని ఈసారి గంటసేపు చూశాను. మాట బాగుంది, వేగంగా తడబడుతూ మాట్లాడతాడు. లెక్కలో మాత్రం వెనకబాటు, బుట్టలో ఎన్ని మామిడికాయలున్నాయంటే ఐదు దాటాక తికమకపడతాడు. కొత్తవాళ్ళు వస్తే చొక్కా అంచు నములుతాడు. ఏడాది ముందే చూసి ఉంటే ఇవన్నీ కనబడేవి. మామూలు బడిలోనే చేర్చాం, లెక్కలకు బొమ్మలతో సాయం. మిథైల్ పడని పొడవు వరస ఉన్న మగవాళ్ళలో పెద్దయ్యాక తాతకు వచ్చినలాంటి వణుకు వచ్చిన సందర్భాలు నమోదయ్యాయి. అది ఫైలులో రాసి ఉంచాను, తల్లిదండ్రులకూ చెప్పాను.

తాతకు నరాల డాక్టరు ఎమ్మారై తీస్తే చిన్నమెదడు కాడల దగ్గర ఈ జబ్బులో తరచూ కనిపించే తెల్లని గుర్తు కనిపించింది. పార్కిన్సన్స్ మాత్రలు మెల్లగా ఆపేశారు. వణుకు తగ్గే మందు వేరేది ఇచ్చారు, కొంత గుణం ఉంది. బాత్రూములో పట్టుకోవడానికి కడ్డీ వేయించుకున్నాడు.

మా ఓపీలో ఎదుగుదల వెనకబడిన పిల్లలకు మైక్రోఅర్రేతో పాటే ఫ్రాజైల్ ఎక్స్ పరీక్ష ఇప్పుడు మొదటి వరసలో వెళుతోంది, మేనరికం ఉన్నా సరే. ఎక్సోమ్ ఖర్చులో అది చిన్న భాగమే. కేసు షీట్‌లో రెండు ప్రశ్నలు అచ్చు వేయించాం: తల్లివైపు తాతకు వణుకు గానీ తూలు గానీ ఉందా, తల్లివైపు ఆడవాళ్ళలో ఎవరికైనా 40కి ముందే నెలసరి ఆగిందా. రెండో ప్రశ్న మగవాళ్ళను బయటికి పంపాకే అడుగుతాం.

పోయిన ఎండాకాలం పెద్దమ్మ ఒక్కతే వచ్చింది. తన రిపోర్టు తెలుగులో రాసివ్వమంది, అత్తగారింట్లో చూపించాలట. పదకొండేళ్ళుగా ఆమెకు ఏ మొక్కులు మొక్కించారో, ఏ శుభకార్యానికి పిలవలేదో అప్పుడు చెప్పింది. లెటర్‌హెడ్ మీద అరపేజీ రాసిచ్చాను. నిలబడే రెండుసార్లు చదివి, వేలు పెట్టి ఒక మాట చూపించింది. "లోపం అని రాసినారు సార్."

కొట్టేసి "మార్పు" అని రాయబోయాను. కొట్టివేత కనబడకూడదంది. కొత్త కాగితం తీసుకుని మొదటి నుంచీ మళ్ళీ రాశాను.